డబ్బిచ్చి కొన్న తుక్కు మీద స్థానిక సంస్థకు అధికారం ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీకు ఒక రీసైక్లింగ్ యార్డు ఉంది. పాత ఇనుము, రాగి తీగలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్, అప్పుడప్పుడు బ్యాటరీలు కొంటారు. వేరు చేసి, బేళ్లు కట్టి ఫ్యాక్టరీలకు అమ్ముతారు. పర్యావరణ శాఖ అనుమతి చేతిలో ఉంది. ఇప్పుడు మున్సిపాలిటీ నోటీసు పంపింది. విడిగా లైసెన్సు తీసుకోవాలని, గుట్టల ఎత్తు తగ్గించాలని, సరుకు అమ్మినవాళ్ల వివరాలు రిజిస్టరులో రాయాలని అందులో ఉంది. "ఇది చెత్త కాదు, డబ్బిచ్చి కొన్న సరుకు. పైనుంచి అనుమతి ఉండగా వీళ్లెందుకు అడుగుతున్నారు?" అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను: అడగొచ్చు. మీరు చెప్పిన మూడు షరతులూ మామూలుగా స్థానిక సంస్థ అధికారంలోకి వచ్చేవే. పర్యావరణ అనుమతి మీ పనివల్ల గాలికీ నీటికీ ఏమవుతుందో చూస్తుంది. ఆ స్థలంలో ఆ పని చేయొచ్చా, నిప్పంటుకుంటే పక్కింటివాళ్ల గతేమిటి, సరుకు ఎవరి దగ్గర నుంచి వస్తోంది అన్నవి వేరే ప్రశ్నలు. ఒక కాగితం ఉందని రెండోది అక్కర్లేకుండా పోదు. అయితే ఈ అధికారానికి హద్దులున్నాయి, హద్దు దాటిన చోట కోర్టులు కొట్టేశాయి కూడా. మీరు దేనికి ఒప్పుకోవాలో, ఎక్కడ గట్టిగా నిలబడాలో కింద రాస్తున్నాను. చట్టం పేర్లు, సెక్షన్లు దేశాన్ని బట్టి మారతాయి, లోపలున్న తర్కం మాత్రం అంతగా మారదు.

నేను పదహారేళ్లు ఒక స్థానిక సంస్థ తరఫున ఇలాంటి యార్డులు తనిఖీ చేశాను. తర్వాత తొమ్మిదేళ్లుగా యార్డుల తరఫున అనుమతుల కాగితాలు తయారుచేస్తున్నాను. కాబట్టి నోటీసు రాసే చెయ్యీ తెలుసు, అది అందుకున్న మనిషి రాత్రి నిద్రపోలేకపోవడమూ తెలుసు.

"చెత్త కాదు, సరుకు" అనే వాదన ఎంతవరకు పనికొస్తుంది

ఈ రంగంలో దాదాపు ప్రతి గొడవా ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. ఆ వాదనలో బలం లేకపోలేదు. 1994లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇదే ప్రశ్న తేల్చాల్సి వచ్చింది. ఒక నగరం తన చెత్త సేకరణ మొత్తం ఒకే సంస్థకు అప్పగించింది. అదే ఊళ్లో పామ్ స్ప్రింగ్స్ రీసైక్లింగ్ సెంటర్ అనే సంస్థ వ్యాపారుల దగ్గర పనికొచ్చే సరుకు కొనుక్కుంటోంది. అప్పగించిన హక్కులోకి అది కూడా వస్తుందా అన్నది కేసు. యజమాని వదిలేసుకున్నదే చెత్త, డబ్బు తీసుకుని అమ్మినది చెత్త కాదు, దాని మీద ఆ గుత్తహక్కు పనిచేయదు అని కోర్టు చెప్పింది. అదే అట్టపెట్టెను చెత్తడబ్బాలో పడేస్తే అది సేకరించేవాడి పరిధిలోకి వెళ్తుంది. అంటే వస్తువు ఒకటే, అది చేతులు మారిన తీరును బట్టి చట్టం దాన్ని చూసే చూపు మారుతుంది.

ఈ తీర్పు లాంటివి చూపించి చాలామంది యజమానులు "అయితే నా మీద ఎవరికీ అధికారం లేదు" అనుకుంటారు. అక్కడే పొరబాటు. చెత్త కాదని తేలితే చెత్త చట్టం వర్తించదు, అంతే. మంటల చట్టం, భూవినియోగ నియమాలు, వ్యాపార లైసెన్సు, ప్రజారోగ్య నియమాలు అన్నీ అలాగే ఉంటాయి. జపాన్‌లో జరిగింది చూడండి. డబ్బిచ్చి కొన్న లోహాల తుక్కు అక్కడి వ్యర్థాల చట్టం కిందకి రాదు. దాంతో ఇళ్ల పక్కనే ఆరుబయట యార్డులు లేచాయి. మంటలు, చప్పుడు, కూలిపోయే గుట్టల మీద జనం ఫిర్యాదులు చేశారు. చివరికి చిబా నగరం 2021లో, ఆరుబయట తుక్కు నిల్వ కోసమే స్థానిక శాసనం తెచ్చుకుంది. "ఇది సరుకు" అని మీరు గెలిచినా, సరుకు నిల్వ మీదే నియమం పెట్టే దారి స్థానిక సంస్థకు ఉంటుంది. కాబట్టి మీ బలమంతా ఈ ఒక్క వాదన మీదే పెట్టొద్దు.

గుట్టల ఎత్తు గురించి మీరు వాదించకండి

మూడు షరతుల్లో నేను మనస్ఫూర్తిగా సమర్థించేది ఇదే. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ఒకసారి వాన వెలిసిన మర్నాడు పొద్దున ఒక ఇనుము యార్డుకి వెళ్లాను. లేత్ మిషన్ల నుంచి వచ్చే చుట్టచుట్టల ఇనుప ముక్కలు, వ్యాపారంలో టర్నింగ్ అంటారు కదా, వాటి గుట్ట ఒకటి ఉంది. యార్డులో అన్నీ తడిగా ఉన్నాయి, ఈ గుట్ట పైభాగం ఒక్కటే పొడిగా, తుప్పు రంగులోకి తిరిగి ఉంది. దగ్గరికెళ్లి అరచెయ్యి ఓ జానెడు ఎత్తులో పెట్టాను. పొయ్యి మీద పెట్టినట్టు సెగ తగిలింది. యజమాని "ఎండ తగిలింది సార్" అన్నాడు. ఎండ ఇంకా గోడ దాటనే లేదు. క్రేన్ గ్రాబుతో పక్కనుంచి తవ్వించాం. రెండు మీటర్ల లోపల ఇనుము ఎర్రగా కణకణలాడుతోంది. నూనె అంటిన సన్నటి ఇనుము, తడి, గాలి మూడూ కలిస్తే తుప్పు పట్టే వేడికే గుట్ట లోపల రాజుకుంటుంది. గుట్ట చిన్నదైతే ఆ వేడి బయటికి పోతుంది. పెద్దదైతే లోపలే చిక్కుకుంటుంది. ఎత్తు పరిమితి వెనకున్న భౌతికశాస్త్రం అంతా ఇదే.

ఆ గుట్టకి అయిదడుగుల దూరంలో ప్లాస్టిక్ బేళ్లున్నాయి. ఇంకో అరపూట ఆలస్యమైతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను.

లెక్కలు కావాలంటే ఇంగ్లండ్ పర్యావరణ ఏజెన్సీ మార్గదర్శకాలు మంచి కొలబద్ద. మండే సరుకు గుట్ట 4 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడవు లేదా వెడల్పు దాటకూడదని, గుట్టకీ గుట్టకీ మధ్య 6 మీటర్ల ఖాళీ ఉండాలని అవి చెబుతాయి. 300 ఘనపు మీటర్ల గుట్ట ఆర్పడానికి నిమిషానికి 2,000 లీటర్ల చొప్పున మూడు గంటల పాటు నీళ్లు కావాలని కూడా అందులో ఉంది. గుణించి చూడండి, 3,60,000 లీటర్లు. మీ యార్డులో అంత నీళ్లెక్కడివి? ఆ నీళ్లు మసితో, నూనెతో, కరిగిన ప్లాస్టిక్‌తో కలిసి ఏ కాలువలోకి పోతాయి? అధికారి ఈ రెండు ప్రశ్నలు అడిగితే విసుక్కోకుండా కాగితం మీద జవాబు రాసివ్వండి. ఆ జవాబు ముందే తయారుగా ఉంచుకున్న యజమానులతో నా తనిఖీ ఎప్పుడూ గంటలో ముగిసేది.

అధికారుల వైపు తప్పు కూడా చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో అమెరికాలో, ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్ నగరంలో ప్లాస్టిక్ నిండిన ఒక రీసైక్లింగ్ నిల్వ స్థలం తగలబడింది. అర మైలు లోపలున్న సుమారు 2,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ స్థలం ప్రమాదకరమని, శుభ్రం చేయాలని ఆ నగరం కొన్నేళ్ల ముందే ఆదేశాలిచ్చింది. ఆదేశం ఉంది, సరుకు కదల్లేదు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ ఇలాంటి నోటీసులు ఇచ్చాను. గడువు రాశాను, గడువు రోజున మళ్లీ వెళ్లి చూడలేదు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. నోటీసు ఇచ్చి ఫైలు మూసేసే అలవాటు ఈ వ్యవస్థలో అన్నిటికంటే పెద్ద లోపం అని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. ఇప్పుడు మంటలకి పెద్ద కారణం లిథియం బ్యాటరీలు. పాత ఫోన్, బొమ్మ, పళ్లు తోముకునే ఎలక్ట్రిక్ బ్రష్, ఏదైనా సరే, మిగతా తుక్కుతో కలిసి ప్రెస్‌లో నలిగితే నిప్పు రవ్వ అవుతుంది. సరుకు దింపే చోటే ఒక మనిషిని పెట్టి ఏరించండి. ఏరినవి మూత ఉన్న లోహపు డ్రమ్ములో, పొడి ఇసుకలో, బేళ్లకి దూరంగా ఉంచండి.

రిజిస్టరు ఎందుకంటే

లోహం దొంగతనం అరికట్టడానికి. రాగి తీగ కరిగాక అది రైల్వే సిగ్నల్‌దో, ఎవరి బోరు మోటారుదో చెప్పలేం. అందుకే అమ్మే చోటే ఆపాలని చాలా దేశాలు తేల్చుకున్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 నాటి తుక్కు లోహ వ్యాపారుల చట్టం ఈ పనంతా స్థానిక కౌన్సిళ్లకే అప్పగించింది. లైసెన్సు ఇచ్చేది వాళ్లే, మూడేళ్లకోసారి. దరఖాస్తుదారు తగిన మనిషేనా అని చూసేది వాళ్లే. యార్డుకి ఒక రకం లైసెన్సు, వీధివీధి తిరిగి సేకరించేవాళ్లకి ఇంకో రకం. తుక్కు లోహానికి నగదు ఇవ్వడం నేరం. అమ్మినవాళ్ల గుర్తింపు చూడాలి, రికార్డులు మూడేళ్లు దాచాలి.

నేను చూసిన ఒక యార్డు పుస్తకంలో ఒక వరుస నాకు ఇంకా గుర్తు. "రాగి, 38 కిలోలు, తెలిసిన మనిషి." అంతే. పేరు లేదు, బండి నంబరు లేదు. ఆ వారమే దగ్గర్లోని పంపుహౌస్ కేబుల్ పోయింది. పోలీసులు వచ్చారు. యజమాని నిజంగా అమాయకుడు, నేను నమ్మాను. కానీ ఆయన దగ్గర చూపించడానికి ఒక్క ఆధారం లేదు. మూడు నెలలు యార్డుకి సీలు పడింది. పక్క వీధిలో అదే వారం అలాంటి సరుకే కొన్న ఇంకొకాయన గుర్తింపు కార్డు నకలు, బండి ఫొటో, కాటా చీటీ మూడూ కలిపి పిన్ను కొట్టి పెట్టుకున్నాడు. అరగంటలో బయటపడ్డాడు. రిజిస్టరు మీకు భారంగా కనిపిస్తోంది, నాకు తెలిసి అది యార్డు యజమానికి ఉన్న ఒకే ఒక్క కవచం.

అయితే ఇక్కడ ఒకటి అడిగే హక్కు మీకుంది. లోహానికి పెట్టిన నియమాలు కాగితానికీ సీసాలకీ యథాతథంగా పెడితే అభ్యంతరం చెప్పండి. రోడ్ల మీద ఏరుకుని పది కిలోల అట్ట తెచ్చే మనిషిని బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు అడిగితే ఆ మనిషి బతుకు పోతుంది. దొంగతనం ఆగదు, ఎందుకంటే అట్టని ఎవరూ దొంగిలించడం లేదు.

మీ దగ్గర బ్యాటరీలున్నాయన్నారు, ఇది జాగ్రత్తగా చదవండి

సీసం, యాసిడ్ ఉండే బ్యాటరీలు కొని, పగలగొట్టకుండా, కింద యాసిడ్ కారని తొట్టిలో నిలబెట్టి, అనుమతి ఉన్న ఫ్యాక్టరీకి పంపితే అది వ్యాపారం. యార్డులో పగలగొట్టి సీసం తీస్తే అది వేరే విషయం, ఏ లైసెన్సూ దాన్ని కాపాడదు, కాపాడకూడదు. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలోని థియారోయ్ సుర్ మేర్‌లో 2007 నవంబర్, 2008 మార్చి మధ్య 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. అక్కడ ఏళ్ల తరబడి పాత బ్యాటరీల నుంచి సీసం తీశారు. సీసం కలిసిన ఆ ఇసుకని జనం తవ్వి, ఇళ్ల దగ్గర జల్లెడ పట్టి, ముక్కలు ఏరి అమ్ముకున్నారు. ఇంటి ముంగిట రాలిన దుమ్ము పిల్లల నోట్లోకి పోయింది. సీసానికి ఇంతవరకు పర్వాలేదు అనే స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఈ ఒక్క విషయంలో అధికారి కఠినంగా ఉంటే ఆ అధికారి పక్షానే నేనుంటాను.

కేబుల్ తగలబెట్టి రాగి తీయడం కూడా ఇంతే. పైనున్న పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. తొక్క ఒలిచే యంత్రాలున్నాయి, అవి వాడండి.

ఇంకొకటి అరుదైనదే గానీ చెప్పకుండా ఉండలేను. 1987 సెప్టెంబర్‌లో బ్రెజిల్‌లోని గోయానియాలో, వదిలేసిన ఒక రేడియోథెరపీ క్లినిక్ నుంచి ఇద్దరు ఒక బరువైన పరికరం పట్టుకొచ్చి తుక్కు యార్డుకి అమ్మారు. లోపలున్న సీజియం అనే రేడియోధార్మిక పొడి చీకట్లో నీలంగా మెరిసింది. చూసి ముచ్చటపడి బంధువులకీ స్నేహితులకీ పంచారు. నలుగురు చనిపోయారు, 249 మందికి రేడియోధార్మిక పదార్థం అంటింది. ఏదో తేడాగా ఉందని గ్రహించి, దాన్ని సంచిలో పెట్టించుకుని బస్సులో ఆరోగ్య అధికారుల దగ్గరికి తీసుకెళ్లింది ఆ యార్డు యజమాని భార్యే. చనిపోయిన నలుగురిలో ఆమె కూడా ఉంది. 2010లో ఢిల్లీ మాయాపురిలో కూడా వేలంలో అమ్మేసిన ఒక ప్రయోగశాల పరికరంలోని కోబాల్ట్ 60 తుక్కు మార్కెట్‌కి చేరి ఒక కార్మికుడి ప్రాణం తీసింది. ఆసుపత్రి, ల్యాబు సరుకు వస్తే, సైజుకి మించిన బరువున్న గుండ్రటి లోహపు దిమ్మ కనబడితే, రేడియేషన్‌ని సూచించే మూడు రెక్కల గుర్తు కనబడితే, కోయకండి. మనుషుల్ని దూరం పంపి ఫోన్ చేయండి. పెద్ద యార్డుకి గేటు దగ్గర రేడియేషన్ డిటెక్టర్ పెట్టమని షరతు రాస్తే అది వేధింపు కాదు.

టైర్లుంటే ఒక్క ముక్క: వానకి తడవకుండా పైకప్పు కింద పెట్టండి. టైరులో నిలిచిన నీళ్లు డెంగీ దోమకి ఇష్టమైన చోటు, దాని గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి ఉంటాయి. ఆరోగ్య శాఖ మీ గేటు తట్టేది అందుకే.

ఇక స్థానిక సంస్థ దాటకూడని గీతలు

మొదటిది, లైసెన్సు పేరుతో వ్యాపారాన్ని తనకి నచ్చినవాళ్లకి మళ్లించడం. న్యూయార్క్ రాష్ట్రంలోని క్లార్క్‌స్‌టౌన్ తన పరిధిలోని ఘనవ్యర్థమంతా ఒక ప్రైవేటు కాంట్రాక్టరు నడిపే కేంద్రానికే వెళ్లాలని శాసనం చేసింది. దాన్ని సవాలు చేసిన కార్బోన్ కూడా మీలాగే రీసైక్లింగ్ కేంద్రం నడిపే సంస్థే. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శాసనాన్ని కొట్టేసింది. కానీ 2007లో ఇంకో కేసులో, కేంద్రం ప్రభుత్వ సంస్థదే అయినప్పుడు అలాంటి నియమం చెల్లుతుందని అదే కోర్టు అంది. కాబట్టి మీ నోటీసులో "ఫలానా వాళ్లకే అమ్మాలి" అని ఉంటే, ఆ ఫలానా ఎవరో ముందు చూడండి.

రెండోది, కారణం రాయకుండా తిరస్కరించడం. స్థానిక సంస్థ కాదనొచ్చు. షికాగో నగర ఆరోగ్య విభాగం 2022 ఫిబ్రవరిలో లోహపు తుక్కుని ముక్కలు చేసే ఒక పెద్ద ష్రెడ్డర్‌ కేంద్రానికి అనుమతి నిరాకరించింది. అప్పటికే కాలుష్యంతో నలిగిన ప్రాంతం మీద పడే ప్రభావాన్ని మదింపు చేయించి, నివేదిక బయటపెట్టి కాదంది. అలా చేసినా విషయం న్యాయపోరాటానికి వెళ్లింది. ఇక ఒక్క వాక్యంతో "తిరస్కరించడమైనది" అని వస్తే మీరు అప్పీలు చేయాల్సిందే.

మూడోది, అందరినీ ఒకే గాటన కట్టడం. బొగొటాలో చెత్త ఏరుకునేవాళ్లని సేకరణ టెండర్ల నుంచి బయటికి నెట్టినప్పుడు కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం పదేపదే వాళ్ల పక్షాన ఆదేశాలిచ్చింది. 2013 నుంచి ఆ నగరపాలక సంస్థ, చెత్త ఏరుకునేవాళ్లు తెచ్చిన బరువుని బట్టి వాళ్లకి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. నియంత్రణ అంటే వాళ్లని తరిమేయడం అనుకునే అధికారులకి నేను ఇది ప్రింట్ తీసి ఇచ్చేవాణ్ణి. మీ యార్డుకి సరుకు తెచ్చేది వాళ్లే. మీ లైసెన్సు షరతుల్లో వాళ్ల దారి మూసుకుపోతే మీ పేరుతో పాటు వాళ్ల తరఫున కూడా అభ్యంతరం రాయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది

నోటీసు గడువు దాటనివ్వకండి. "అధికారం లేదు" అని జవాబు రాస్తే గొడవ అవుతుంది, గుట్టలు మాత్రం అలాగే ఉంటాయి. దానికి బదులు యార్డు కొలతలతో ఒక పటం గీయించండి. ఏ గుట్ట ఎక్కడ, ఎంత ఎత్తు, మధ్యలో ఫైరింజన్ పట్టేంత దారి ఉందా, వాన నీళ్లు ఎటు పోతాయి, నూనె వేరుచేసే గుంత ఎక్కడ కట్టగలరు, అన్నీ అందులో చూపించండి. ఎత్తు తగ్గించడానికి ఎన్ని వారాలు కావాలో నిజాయితీగా రాయండి. ఇప్పుడే అన్నీ తీయలేకపోతే ముందు గోడ పక్కనున్నవి, ఇళ్ల వైపున్నవి తీసేయండి. తీసిన ప్రతి లోడుకి కాటా చీటీ జత చేయండి. లోహానికి రిజిస్టరు రేపటి నుంచే మొదలుపెట్టండి, లైసెన్సు వచ్చేదాకా ఆగొద్దు. లైసెన్సు దరఖాస్తు "నా అభ్యంతరాలకు లోబడి" అని ఒక వాక్యం చేర్చి ఇవ్వండి. అప్పుడు దరఖాస్తూ ఉంటుంది, వాదించే హక్కూ పోదు. ఈ వాక్యం మీ దగ్గర ఎంతవరకు చెల్లుతుందో స్థానిక వకీలుని ఒకసారి అడగండి.

తనిఖీకి వచ్చినవాళ్లు నోటితో చెప్పే షరతులు రాతలో అడగండి, మర్యాదగానే. రాసివ్వలేని షరతు చాలాసార్లు నియమంలో లేని షరతే అయ్యుంటుంది.

నోటీసులో ఏ సెక్షన్ కింద అడిగారో, మీ స్థలం భూవినియోగ పటంలో ఏ జోన్‌లో ఉందో మీరు చెప్పలేదు. జోన్ నివాస ప్రాంతమైతే నేను పైన చెప్పినవన్నీ చేసినా లైసెన్సు రాకపోవచ్చు. అప్పుడు మాట్లాడాల్సింది గుట్టల గురించి కాదు, తరలింపుకి ఎంత గడువు ఇస్తారన్న దాని గురించి. ఆ రెండు వివరాలు, బ్యాటరీలు నెలకి సుమారుగా ఎన్ని వస్తాయో కూడా రాయండి, చూసి చెప్తాను.